దిగబడిన ట్రాక్టర్ చక్రానికి మొద్దు కట్టొద్దు

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊరు. కాలవ కింద మూడెకరాల వరి ఉంది. మొన్న నాట్లకు ముందు నీళ్లు పెట్టి దమ్ము (బురద దున్నకం) చేస్తుంటే ఈశాన్యం మూల కయ్యలో ట్రాక్టర్ దిగబడింది. కేజీ వీల్స్ (బురదలో వేసే పంజరం లాంటి ఇనుప చక్రాలు) వేసే ఉన్నాయి, వెనక మట్టిని చిలికే రోటావేటర్ ఉంది. బయటికి తీద్దామని ముందుకు రేజ్ చేసేకొద్దీ ఇంకా దిగి, వెనక ఇరుసు బురదకు ఆనింది. మా నాయన వేప మొద్దు తెప్పించి, రెండు వెనక చక్రాలకూ కలిపి అడ్డంగా గొలుసుతో కట్టించాడు. నేను ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలేసరికి ముందు చక్రాలు మూరెడు పైకి లేచాయి. భయపడి క్లచ్ తొక్కేశాను. బండి దబ్బున కింద పడింది. మళ్లీ చెయ్యమంటే నా వల్ల కాదని దిగేశాను. ఆఖరికి జేసీబీ తెచ్చి, టాప్ లింక్ (పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే కడ్డీ) తగిలించే బ్రాకెట్‌కు వైర్ రోపు కట్టి లాగారు. బండి వచ్చింది గాని బ్రాకెట్ విరిగింది. బాడుగ, రిపేరు కలిపి నాటు పడకముందే చెయ్యి కాలింది. "మా కాలంలో ఎన్ని బండ్లు మొద్దులు వేసి తీశామో, వీడికి పిరికి" అని నాయన ఇప్పటికీ నలుగురిలో అంటున్నాడు. నేను చేసింది పిరికితనమేనా? మళ్లీ దిగబడితే ఏం చెయ్యాలి? తాత కాలంలో ఆ మూల దొరువు (ఊట నీటి గుంత) ఉండేదట, తర్వాత పూడ్చేశారు.

సమాధానం: తమ్ముడూ, ఆ రోజు నువ్వు క్లచ్ తొక్కబట్టే ఈ రోజు ఈ ఉత్తరం రాయగలిగావు. నిన్ను బుజ్జగించడానికి ఈ మాట అనడం లేదు. ముందు చక్రాలు మూరెడు లేచాయని రాశావు చూడు, అది చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను.

మాది కందుకూరు పక్క. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఆ ఏడు మీ నెల్లూరు జిల్లాలో కలిసింది. నాకు ఇరవై ఏళ్లప్పుడు మన్నేటి దగ్గర ఒక నల్లరేగడి చేలో సరిగ్గా ఇదే జరిగింది. ట్రాక్టర్ దిగబడింది, చక్రాలకు అడ్డంగా మొద్దు కట్టారు, నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. బండి మీద ఉన్నాయన్ని నేను మామా అని పిలిచేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా డ్రైవింగ్ చేస్తున్న మనిషి. క్లచ్ వదిలాడు, ముందు భాగం లేచింది, అది ఆగలేదు. నేను నోరు తెరిచేలోపు బండి వెనక్కి బోర్లా పడింది. నిలువుగా ఉండే సైలెన్సర్ బురదలోకి దిగబడి బుస్సుమని ఆవిరి వచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పదిహేను మందిమి జామాయిల్ వాసాలు పెట్టి బండిని లేపేసరికి ఆయన లేడు. స్టీరింగ్ ఛాతీ మీద ఉంది. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను. దిగబడిన ట్రాక్టర్ వెనక చక్రాలకు మొద్దు కట్టి ముందుకు లాగించడం మనుషుల్ని చంపే పని.

ఎందుకో చెబుతాను, మీ నాయనకు కూడా చదివి వినిపించు. ఇంజన్ బలం వెనక ఇరుసుకు చేరినప్పుడు రెండే దారులు. చక్రం తిరగగలిగితే బండి ముందుకు పోతుంది. చక్రం తిరగలేకపోతే, అంత బలమూ ఊరికే పోదు, ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. అంటే మూతి పైకి లేస్తుంది. బావి దగ్గర పంపు పట్టేసి ఉన్నప్పుడు, బోల్టులు సరిగా బిగించని మోటారుకు స్విచ్చి వేస్తే ఏమవుతుందో నువ్వు చూసే ఉంటావు. పంపు తిరగదు కాబట్టి మోటారే ఎగిరి పక్కకు తన్నుకుంటుంది. మొద్దు కట్టిన చక్రం ఆ పట్టేసిన పంపు లాంటిది. మొద్దు అడుగున గట్టి నేలకు తట్టుకున్న క్షణాన చక్రం బిగుసుకుంటుంది, నువ్వు కూర్చున్న బండి లేస్తుంది. ముందు చక్రాలు నేల విడిచిన దగ్గర్నుంచి బండి బోర్లా పడేదాకా సుమారు సెకనున్నర. అందులో సగం గడిచేసరికే క్లచ్ తొక్కినా లాభం లేని చోటు దాటిపోతుంది. అనుభవం ఉన్న డ్రైవరైనా, కుర్రాడైనా ఆ ముప్పావు సెకనులో కాలు కదలాలి. నీ కాలు కదిలింది.

మరి మీ నాయన అబద్ధం చెబుతున్నారా? లేదు. ఆయన చిన్నప్పుడు దిగబడింది ఎద్దుల బండి. ఆ బండి చక్రానికి సొంత బలం లేదు. ఎద్దులు లాగితే చక్రం వెంట వస్తుంది. దాని కింద మొద్దు తోస్తే చక్రం దాని మీదికి ఎక్కి బయటపడుతుంది. ఎద్దు చాలదనుకుంటే ఇంకో జత కట్టేవాళ్లు. ఒంగోలు గిత్తల జతలు ఆ పని చేయడం మా ఊళ్లో నేనూ చూశాను. ట్రాక్టర్‌లో లాగేది వెనక చక్రమే. లాగే చక్రాన్ని మొద్దుతో బంధించడం, ఎద్దు కాళ్లు కట్టేసి కాడి లాగమనడం లాంటిది. ట్రైలర్ చక్రం కింద మొద్దు పెట్టు, ముందు చక్రాల కింద పలకలు పెట్టు, ఇబ్బంది లేదు. వెనక చక్రానికి మాత్రం ఏదీ కట్టకూడదు. కొన్నిసార్లు మొద్దు చక్రంతోపాటు తిరిగి బండి బయటికి వచ్చేస్తుంది, నిజమే. తర్వాత ఆయన మొద్దు కట్టి తీసిన ట్రాక్టర్లు ఉంటే, అవి అలా వచ్చినవే. ఆ మొద్దు వెనక నుంచి పైకి వచ్చి మడ్‌గార్డు విరిచి సీటు మీదికి రావడమూ జరుగుతుంది.

ఇక మళ్లీ దిగబడితే ఏం చెయ్యాలో చూద్దాం. బండి కదలకుండా చక్రం తిరుగుతోందని తెలిసిన వెంటనే క్లచ్ తొక్కాలి. అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, ఎందుకంటే ఇంకొక్కసారి రేజ్ చేస్తే వచ్చేస్తుందని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. రాదు. దమ్ము చేసిన మడిలో అడుసు కింద, ఏళ్ల తరబడి దున్నగా బిగిసిన గట్టి పొర ఒకటి ఉంటుంది. దాని మీదే బండి నిలబడుతుంది. ఖాళీగా తిరిగే కేజీ వీల్ ఆ పొరను పారలా తవ్వేస్తుంది. జానెడు దిగిన బండిని గంటలో తీయొచ్చు. ఇరుసు ఆనాక రోజంతా పడుతుంది, ఎందుకంటే అప్పుడు రెండు టన్నుల బరువు చక్రాల మీద లేదు, గేర్‌బాక్స్ పొట్ట మీద ఉంది.

తర్వాత పీటీవో (ఇంజన్ బలంతో రోటావేటర్‌ను తిప్పే షాఫ్టు) ఆపి, ఇంజన్ ఆపి, కిందికి దిగి రోటావేటర్ విప్పేయి. అదొక్కటే నాలుగైదొందల కేజీలు. విప్పడానికి బద్ధకించి దాంతోపాటు లాగించేవాళ్లే ఎక్కువ. పిన్నులు బురదలో కూరుకుపోయి ఉంటే చేత్తో తవ్వు, పరవాలేదు. పీటీవో తిరుగుతున్నప్పుడు మాత్రం లుంగీతో, భుజం మీద తువ్వాలుతో ఎవ్వర్నీ దగ్గరికి రానీయకు. అన్నట్టు, హైడ్రాలిక్ దించి రోటావేటర్ మీద బండిని లేపుదామని కొందరు చూస్తారు. మన బండ్ల హైడ్రాలిక్ పైకి ఎత్తుతుందే గాని కిందికి నొక్కదు, ఆ ప్రయత్నం దండగ.

నీళ్లు నిలిచి ఉంటే గెనిమ (మడి గట్టు) తెంచి వదిలేయి. కింద మడి వాళ్లతో ఒక మాట చెప్పి వదులు. నీళ్లు పోయే దారి లేకపోతే బండి చుట్టూ మట్టితో కట్ట వేసి బకెట్లతో తోడండి. ఇప్పుడు తవ్వకం. ముందుకు కాదు, వెనక్కి తవ్వాలి. బండి వచ్చిన దారి వెనకే ఉంది, ఆ దారి బండిని మోసిందని ఇప్పటికే రుజువైంది. ముందున్న నేల సంగతి నీకు తెలియదు. నాలుగు చక్రాల వెనకా పారతో నాలుగైదు అడుగుల పొడవున వాలుగా తియ్యి. చక్రం అడుగు నుంచి మొదలై మెల్లగా పైకి రావాలి, మెట్టులా నిలువుగా ఉండకూడదు. పొట్ట కింద బురద కూడా లాగెయ్యాలి. అక్కడ అడుసు జిగురులా పట్టుకుని ఉంటుంది. పక్కనుంచి పార దూర్చితే ఒక్కోసారి చప్పుమని శబ్దం వచ్చి గాలి లోపలికి పోతుంది, ఆ పట్టు వదిలిందని అర్థం. చక్రాల పళ్ల మధ్య గడ్డకట్టిన మట్టిని గడ్డపారతో రాల్చెయ్యి. అది ఉన్నంతసేపు టైరు నున్నటి డ్రమ్ము లాంటిదే.

ఆ వాలులో సరుగుడు కట్టెలు చేతి మందాన ఉన్నవి అడ్డంగా పరుచు. మీ వైపు వాటికి కరువు లేదు. తాటి మట్టలైనా సరే. వరిగడ్డి మాత్రం వేసి లాభం లేదు, తడిసి జారుతుంది. ఏదీ కట్టొద్దు, వదులుగా పరిస్తే చాలు. చక్రం వాటిని పట్టుకుంటే మీదికి ఎక్కుతుంది, పట్టుకోకపోతే పక్కకు నెట్టేస్తుంది. అంతకుమించి బిగుసుకోదు. ఆ పరిచిన చోట నుంచి మనుషులంతా దూరంగా పోవాలి, చక్రం కట్టెను విసిరిందంటే కాలు విరుగుతుంది.

రివర్స్ గేర్‌లోనే తియ్యాలి. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ముందుకు లాగేటప్పుడు మూతిని పైకి లేపే బలం, రివర్స్‌లో మూతిని కిందికి నొక్కుతుంది. బోల్తా భయం చాలావరకు పోతుంది. మడమ దగ్గర ఉండే డిఫరెన్షియల్ లాక్ పెడల్‌ను చక్రాలు ఆగి ఉన్నప్పుడే తొక్కి, రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చెయ్యి. లాక్ ఉన్నంతసేపు స్టీరింగ్ తిప్పకూడదు, తిన్నగా రావాలి. లాక్ పని చేయకపోతే, ఖాళీగా తిరుగుతున్న చక్రం వైపు బ్రేకును మెల్లగా తొక్కు, బలం రెండో చక్రానికి పోతుంది. ఎక్సలేటర్ తక్కువలో ఉంచి క్లచ్ నెమ్మదిగా వదులు. అడుగు కదిలితే ఆపి మళ్లీ తవ్వి, మళ్లీ కదుపు. నాలుగుసార్లు ఇలా చేస్తే ఇరుసు దాకా దిగిన బండ్లు కూడా వచ్చాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వానల తర్వాత మా పక్క ఒక బండిని తియ్యడానికి పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండున్నర దాకా తవ్వాం. ఆరుగురం. జేసీబీ రాలేని చోటు. ఒక్క బోల్టు కూడా పోలేదు.

అలా రాకపోతే ఇంకో ట్రాక్టర్ పెట్టి లాగాలి. అది గట్టి నేల మీద నిలబడాలి, బురదలోకి దిగితే రెండో బండి కూడా దిగబడుతుంది. అందుకే తాడు పొడవుగా ఉండాలి, యాభై అరవై అడుగులు. రెండు బండ్లకూ తాడు వెనక కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్ బ్రాకెట్‌కు గాని, ఇరుసుకు గాని కట్టకూడదు. నీ బ్రాకెట్ ఎందుకు విరిగిందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. అది పనిముట్టు తూకం నిలపడానికి పెట్టింది, రెండు టన్నుల బండిని బురదలోంచి పీకడానికి కాదు. లాగే ట్రాక్టర్‌కు కూడా తాడు ఎత్తులో కడితే అదే ముందు వెనక్కి లేస్తుంది. తాడు బిగిశాక లాగాలి తప్ప, వదులుగా ఉంచి పరుగెత్తి జర్క్ ఇవ్వకూడదు. నైలాన్ మోకు రబ్బరులా సాగుతుంది, తెగిందంటే కొన తగిలిన చోట ఎముక ఉండదు. వైర్ రోపు తెగినా ప్రమాదమే. తాడు నడుమ రెండు తడి గోనె సంచులు వేలాడేసి ఉంచు, తెగినా అవి దాన్ని కిందికి లాగుతాయి. ఎవరైనా సరే తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు ఉండాలి.

జేసీబీ పిలవడం తప్పని కాదు. దాన్ని ముందు తవ్వడానికి వాడు, లాగడం ఆఖర్న. బకెట్‌తో మడ్‌గార్డునో గేర్‌బాక్స్‌నో నెట్టించకు, పోత ఇనుము పగిలితే బ్రాకెట్ ఖర్చుకు పదింతలవుతుంది. చేల మీద పోయే కరెంటు తీగలు చాలా చోట్ల వేలాడుతుంటాయి, బూమ్ ఎత్తేముందు పైకి చూడమని డ్రైవర్‌కు గట్టిగా చెప్పు.

బండి బయటికి వచ్చిందని సంబరపడి వెంటనే పనికి పెట్టొద్దు. ఇరుసు మునిగింది కాబట్టి గేర్ ఆయిల్ కొంచెం తీసి చూడు. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి, మొత్తం మార్చాల్సిందే. దమ్ముకు ముందు క్లచ్ హౌసింగ్ కింద రంధ్రానికి ప్లగ్ బిగించారా, పని అయ్యాక తీశారా అని మీ మెకానిక్‌ను అడుగు. చాలామంది ఈ ఒక్కటీ మర్చిపోయి క్లచ్ ప్లేట్లు పోగొట్టుకుంటారు. ముందు హబ్బులకు కొత్త గ్రీజు పెట్టించు, బ్రేకులు రెండూ సమానంగా పడుతున్నాయో చూడు, రేడియేటర్ మీది బురద కడుగు.

ఇప్పుడు దొరువు సంగతి. ఉత్తరం చివర్న ఒక్క ముక్కలో రాసి వదిలేశావు గాని, అసలు జబ్బు అదే. సముద్రం వైపు ఊళ్లలో ఇసుక నేలలో గుంత తవ్వి, ఊరే నీటిని కుండలతో తెచ్చి పోసుకునేవాళ్లు. మీ తాత కాలంలో ఉన్నది అదే. దాన్ని పైపైన మట్టితో నింపారు కాబట్టి చుట్టుపక్కల ఉన్న గట్టి పొర అక్కడ లేదు. అడుగున నీరు ఊరుతూనే ఉంటుంది, మట్టి ఎప్పటికీ బిగియదు. పైన నీళ్లు పెట్టి దమ్ము మొదలుపెడితే మిగతా మడికీ దానికీ కంటికి తేడా కనిపించదు. ఎంత మంచి డ్రైవర్ వచ్చినా, ఎంత కొత్త బండి తెచ్చినా అక్కడ దిగబడుతుంది. మన వైపు నాట్లు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల వానల్లోనే పడతాయి కాబట్టి నేల ఆరే దాకా ఆగడం కూడా కుదరదు.

దాన్ని ఎండాకాలంలో జేసీబీ పెట్టి అడుగు బురదంతా తీయించి, గ్రావెల్ పొరలు పొరలుగా తొక్కించి, పైన రెండడుగుల మంచి మట్టి వేస్తే బాగుపడుతుంది. ఖర్చు ఎక్కువ. నన్నడిగితే ఆ మూల నాలుగైదు సెంట్లు వదిలేసి దొరువును మళ్లీ తవ్వించడం మేలు. కాలవ నీళ్లు ఆలస్యమైన ఏడు నారుమడికి ఆ నీళ్లు పనికొస్తాయి. ఇది నా అభిప్రాయం, ఆ భూమి మీది, మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఈలోగా ఆ మేర ట్రాక్టర్ దింపకుండా పవర్ టిల్లర్‌తోనో మనుషులతోనో చేయించుకో.

మళ్లీ నీళ్లు పెట్టకముందే ఒక పని చెయ్యి. ఆరడుగుల ఇనుప కడ్డీ ఒకటి తీసుకుని మీ నాయనను వెంటబెట్టుకుని ఆ మూలకు పో. అడుగడుక్కీ కడ్డీ గుచ్చి చూడండి. జానెడు దిగి టక్కుమని ఆగితే అది నిలబడే నేల. చేతి బరువుకే మోకాలి లోతు దాటి పోతుంటే అది దొరువు. ఆ అంచు పొడవునా సరుగుడు కట్టెలు పాతి, నీళ్లు పెట్టినా కనిపించేలా కొనలకు ఎర్ర గుడ్డలు కట్టండి. దొరువులోకి దిగే మెట్లు ఎటు వైపు ఉండేవో, ఎంత మేర తవ్వారో ఆ ఊళ్లో ఇప్పుడు మీ నాయనకే తెలిసి ఉంటుంది. దమ్ము రోజున కూడా ఆయన్ని గెనిమ మీద నిలబెట్టి, ఎటు పోవాలో ఎక్కడ ఆగాలో చేతి సైగలు ఆయన్నే చెయ్యమను. బండి మీద కూర్చున్నవాడు ఆ చెయ్యి ఒక్కటే చూడాలి, చుట్టూ ఎంతమంది అరిచినా.